జోజప్ప సమాధి మీద పసుపు

2024 నవంబరు 12

ఉద్యోగం వచ్చింది. బ్రదర్ జోజప్పను పునీతుడిగా ప్రకటించమని రోమ్‌కు పంపే కేసులో టైపింగ్ పని. సాక్షులు చెప్పింది చెప్పినట్టు ల్యాప్‌టాప్‌లో ఎక్కించాలి. మా పేటలో కుర్చీలో కూర్చుని చేసే పని నాదే మొదటిది. నాన్న వల కుట్టుకుంటూ, కుర్సీ ఇరిగిపోద్దేమో, సూసి కూకోయే అని ఎగతాళి చేశాడు.

నవంబరు 15

బ్రదర్ అంటే ఫాదర్ కాదు. చర్చిలో పూజ చెప్పడు. ఈయన కుష్ఠురోగుల పుళ్లు కడిగేవాడు, పాత టైర్లు కోసి వాళ్లకు చెప్పులు కుట్టేవాడు. నన్ను సైకిల్ మీద బడికి తీసుకెళ్లి, వేళ్లు మడిచి బలపం పట్టించింది ఆయనే. నాకు ఏడేళ్లప్పుడు పోయాడు.

అమ్మ కూడా సాక్షి. నేను పుట్టకముందు నాన్న తెప్ప బోల్తా పడిందట. బ్రదర్ మూడు రోజులు ఒడ్డున లాంతరు పట్టుకుని నిలబడ్డాడట. మూడో రోజు నాన్న చెక్క పట్టుకుని కొట్టుకొచ్చాడు. కేసు నడిపే ఫాదర్ వినోద్‌కు ఈ సాక్ష్యమే ముఖ్యం, పునీతుడు కావాలంటే ఒక అద్భుతం రుజువు కావాలట. జనవరిలో తీసుకుంటారు.

మేము క్రైస్తవులం కాదు. అయినా మగవాళ్లు వేటకు వెళ్లేటప్పుడు ఆడవాళ్లు పడవ ముక్కుకు పసుపు రాసి, అదే చేత్తో వెళ్లి జోజప్ప సమాధి మీద సిలువకు రాస్తారు. బొట్టు పెడతారు.

నవంబరు 27

నాన్న బోటు రాలేదు.

డిసెంబరు 1

మిగతా బోట్లన్నీ వచ్చాయి. అమ్మ సమాధి దగ్గరే ఉంటోంది. దీపం, కొబ్బరికాయ, సిలువ నిండా పసుపు. ఆయన్ని తిడుతోంది కూడా. ఒరే జోజప్పా, అప్పుడు నిలబడ్డావు గదా, ఇప్పుడు పడుకున్నావేటి, లెగు అంటోంది.

డిసెంబరు 4

ఫాదర్ వినోద్ పిలిచారు. రోమ్ ప్రకటించేదాకా సమాధికి ఆరాధన చేయకూడదని రూల్. ఆరో తేదీన బిషప్ గారి టీమ్ వచ్చి చూస్తుంది. దీపం, పసుపు కనిపిస్తే కేసు అక్కడే ఆగిపోతుంది. మీ అమ్మకు నువ్వే నచ్చజెప్పాలమ్మా అన్నారు. ఆయనకూ కళ్లు తడిగానే ఉన్నాయి.

చెప్పాను. సదువుకున్నదానివి, నువ్వే సెప్పు, దీపం ఆర్పేస్తే మీ నాన్నకి దారెలా తెలుస్తాది అని అడిగింది అమ్మ.

డిసెంబరు 6, ఉదయం 7

అమ్మ ఒడ్డుకు వెళ్లిన సమయం చూసి సమాధి దగ్గరికి వెళ్లాను. సర్ఫ్ వేసి, కొబ్బరి పీచుతో రుద్దాను. పేరు చెక్కిన అక్షరాల్లో పసుపు ఉండిపోయింది. పిన్నీసుతో గీకి తీశాను. దీపం నేనే ఆర్పాను.

మధ్యాహ్నం 12

చూశారు. ఫోటోలు తీసుకున్నారు. ఇక్కడ ఎటువంటి ఆరాధనా జరగడం లేదు అన్న కాగితం మీద స్థానిక సాక్షిగా నా సంతకం. గుండ్రంగా, బాగా వచ్చింది.

డిసెంబరు 7

నాన్న దొరికాడు. భోగాపురం అవతల ఒడ్డుకు వచ్చాడు. మొలతాడును బట్టి గుర్తుపట్టాం.

డిసెంబరు 10

చనిపోయి పది రోజులు దాటిందని డాక్టరు రాశారు. అంటే నేను కడగకముందే. ఆ కాగితం అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను.

డిసెంబరు 17

ఈరోజు ఆడవాళ్లు అమ్మకు చివరిసారి ముఖం నిండా పసుపు రాశారు. తర్వాత నీళ్లు పోసి కడిగేశారు. నాకు కొబ్బరి పీచు గుర్తొచ్చింది. అమ్మ నావైపు తిరిగి, ముందు నువ్వే కడిగేసినావు గదే అంది.

అప్పటినుంచి నాతో మాట లేదు. అన్నం మాత్రం పెడుతోంది.

జనవరి 9

అమ్మ సాక్ష్యం. ఆయనేటీ సెయ్యలేదు, లాంతరట్టుకుని నిలబడ్డాడంతే అంది. ఫాదర్ మళ్లీ అడిగారు. మళ్లీ అదే చెప్పింది. అదే టైప్ చేశాను.

వేలిముద్ర వేసింది. అమ్మ గోళ్లు తెల్లగా ఉంటాయని నాకు ఇవాళే తెలిసింది.