వనస్థలిపురంలో చూసిన ఇల్లు

ఎల్.బి. నగర్,
అక్టోబరు, 2011.

శ్రీవారికి,

విజయ నమస్కారాలు. నేనూ, మీ చెల్లెలు అండాలూ ఇక్కడ బాగానే ఉన్నాం. అక్కడ ఆఫ్రికాలో, లూసాకాలో మీరూ బాగున్నారనీ, బీపీ మాత్ర మానకుండా వేసుకుంటున్నారనీ నమ్ముతున్నాను. మీ ఉత్తరం రామమోహనరావు గారు తెచ్చి ఇచ్చారు. ఆయన ఈ శుక్రవారం తిరుగు ప్రయాణం కనుక జవాబు కూడా ఆయన చేతికే ఇస్తున్నాను. ఫోనులో చెప్పొచ్చు కదా అంటారు. ఫోనులో సగం మాట వినేసరికి మీరు లెక్కల మాస్టారైపోతారు. ఈసారి చివరిదాకా వినాలి.

ముందు మీరడిగిన వాటికి జవాబులు. దవాఖాన ఖర్చు సంగతి కనుక్కున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో గుండె డాక్టరు ఫీజు మూడు వందలు. లూసాకాలో స్కూలువాళ్ల వైద్య బీమా లేకపోతే గుమ్మంలో అడుగు పెట్టడానికే ఎంతవుతుందో మీకు తెలుసు. జబ్బు ముదిరితే జొహానెస్‌బర్గ్ విమానం ఎక్కాలి. ఆ ఒక్క విషయంలో ఇక్కడే మేలు, అనుమానం లేదు. కూరగాయల ధరలు మాత్రం అక్కడికంటే ఇక్కడే మండుతున్నాయి. ప్రత్యేక రాష్ట్రం కోసం బొగ్గు గనుల వాళ్లు కూడా సమ్మెలో ఉన్నారు కనుక కరెంటు కోత గట్టిగా ఉంది. మూసారాంబాగ్‌లో మా పాత వీధికి వెళ్లాను. నన్ను గుర్తుపట్టిన వాళ్లు ఇద్దరే.

అండాలుకు డబ్బు పంపమంటారా అని అడిగారు. ఆమె తీసుకోదు. మన దిల్‌సుఖ్‌నగర్ డిపోలో కండక్టర్లు, డ్రైవర్లు అందరూ సమ్మెలో ఉన్నారు, జీతం రాలేదు. భర్త మైసయ్య గారు పోయాక ఆ కండక్టరు జీతం మీదే కదా ఆమె బతుకు. ఇంటి కిరాయి ఆగింది. పొద్దున గంజి, రాత్రి అన్నం, పచ్చిపులుసు. నేను తెచ్చిన డబ్బులోంచి బియ్యం కొంటానంటే కూడా ఒప్పుకోలేదు. మీ మాట చెబితే నవ్వింది.

"అన్న పైసలు పంపితే నేను సమ్మె చేసినట్లెట్లయితది వదినె? అన్న చేసినట్లయితది."

మనం అయిదేళ్లుగా ప్రతి ఆదివారం కాగితాలు ముందేసుకుని, ఇక్కడికి తిరిగొచ్చి ఎనభై ఏళ్లదాకా బతికితే ఎంత కావాలి, తొంభైదాకా బతికితే ఎంత కావాలి అని కూడికలు వేస్తున్నాం. ఈ మనిషి రేపటి బియ్యం తెలియకుండా పొద్దున్నే చీర కుచ్చిళ్లు సర్దుకుని ధర్నాకు పోతోంది. ఆమె వెనకాల నేనూ నడుస్తున్నాను. బస్సులు లేని దిల్‌సుఖ్‌నగర్‌ను మీరు ఊహించలేరు. కోచింగ్ సెంటర్ల బోర్డులన్నీ అలాగే ఉన్నాయి, కింద రోడ్డు మాత్రం ఖాళీ. అంత వెడల్పు రోడ్డు అక్కడుందని నాకు ఇన్నేళ్లలో తెలియనే తెలియదు.

ఇక అసలు సంగతి. వనస్థలిపురం ఇల్లు చూసి త్వరగా అడ్వాన్సు ఇమ్మని రాశారు. బ్రోకరు లచ్చయ్య మీతో ఫోనులో చెప్పింది నిజమే. రెండంతస్తుల ఇల్లు, కింద ఇంటివాళ్లుంటున్నారు, పైన రెండు గదులు, వంటిల్లు, ముందు విశాలమైన డాబా. బోరు నీళ్లు తియ్యగా ఉన్నాయి. ఇరవై ఎనిమిది లక్షలకు ఇస్తారట. అదే వీధిలో నిరుడు ఇలాంటిది నలభై అయిదుకు పోయిందని లచ్చయ్యే చెప్పాడు. ఎందుకింత తక్కువని అడిగితే, గేటు బయటికొచ్చాక లచ్చయ్య గొంతు తగ్గించి, వాళ్లు ఆంధ్రావాళ్లనీ, రాష్ట్రం వస్తే ఉండనివ్వరేమోనని భయపడుతున్నారనీ, జర ఆగితే ఇంకా దిగుతారనీ చెప్పాడు.

ఇంటాయన పేరు జోగారావు గారు. తెనాలి పక్క ఊరు. ఆయనా, ఆయన భార్య సుమిత్రమ్మ గారూ దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక పాతికేళ్లకు పైగా మెస్ నడిపారు. చదువుకోవడానికొచ్చిన పిల్లలకు వండిపెట్టి వండిపెట్టి ఈ ఇల్లు కట్టుకున్నారు. మోకాళ్ల నొప్పులని రెండేళ్ల కింద మెస్ మూసేశారు. సుమిత్రమ్మ గారు కాఫీ ఇచ్చారు. ఇల్లు అమ్మాక ఎక్కడికి వెళతారని అడిగాను.

"ఊరెళ్లి అద్దెకుంటామండీ. అక్కడ మాకంటూ ఏముంది? ఉన్న ఎకరం అమ్మే కదా ఇది కట్టింది" అన్నారావిడ.

నిజం రాస్తున్నాను. ఆ మాట విని బాధ కలిగింది కానీ, నా మనసు ఆ బాధ పక్కనే కూర్చుని మీ లెక్క చేసుకుంది. లూసాకాలో మన చిలెంజె ఇల్లు అమ్మితే వచ్చేది, మీ గ్రాట్యుటీ, దాచింది అంతా కలిపితే అరవై లక్షలు. ఇంటికి ఇరవై ఎనిమిది పోతే ముప్ఫై రెండు మిగులుతుంది. బ్యాంకులో వేస్తే నెలకు ఇరవై నాలుగు వేలు. ఇద్దరం బతకొచ్చు. అదే నలభై అయిదుకు కొంటే పదకొండు వేలే వస్తుంది, బతకలేం, లూసాకాలోనే ఉండిపోవాలి. అక్కడి డబ్బు, ఆ క్వాచా విలువ ఏటేటా పడిపోతుంటే చూస్తూ కూర్చోవాలి. అంటే వాళ్ల భయం మీదే మన తిరుగు ప్రయాణం నిలబడి ఉంది. ఆ సంగతి తెలిసే సరేనన్నాను. రెండు రోజుల్లో అడ్వాన్సు తెస్తానని చెప్పి వచ్చాను.

ఇంటికొచ్చి అండాలుకు చెప్పాను. "మెస్ సార్ ఇల్లా?" అని అడిగింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, డ్యూటీ దిగి ఆకలితో పోతే సుమిత్రమ్మ గారు టోకెను అడగకుండా అన్నం పెట్టేవారట. కొనొద్దని నాతో అనలేదు. కొనుమనీ అనలేదు.

మర్నాడు ఎల్.బి. నగర్ చౌరస్తాలో వంటావార్పు. రోడ్డు మీదే వండుకుని రోడ్డు మీదే తినడం, అదీ నిరసన. టీవీలో మీరు చూసే ఉంటారు. కానీ టీవీ చూపించేది దానిలో వెయ్యో వంతు. విజయవాడ రోడ్డు, రాత్రింబవళ్లు లారీలు ఆగని రోడ్డు, దాని మధ్య ఇటుకల పొయ్యిలు. కనుచూపు మేర పొయ్యిలే. నల్లకోటు వకీళ్లు ఉల్లిగడ్డలు కోస్తున్నారు. టీచర్లు, మంగలివాళ్లు, చాకలివాళ్లు, గుమాస్తాలు ఎవరి బ్యానరు కింద వాళ్లు కట్టెలు పేరుస్తున్నారు. డప్పులు మోగుతుంటే అరికాళ్ల కింద తారు కదులుతున్నట్టుంది. నేను పుట్టి పెరిగిన ఊళ్లో ఇంతమంది ఉన్నారని, ఇందరికి ఒకే కోరిక ఉందని, ఏ దేశంలో కూర్చుని తెలుసుకోగలను? ఒళ్లు జలదరించింది. ఏడుపొచ్చింది కూడా, ఎందుకో తెలియదు.

డిపో వాళ్ల దగ్గర బియ్యం ఉన్నాయి కానీ అంత బియ్యం వండే గిన్నెలు లేవు. అండాలు ట్రాలీ ఆటో మాట్లాడి, నన్ను ఎక్కించుకుని, తిన్నగా జోగారావు గారి గేటు ముందు ఆపింది. మెడలో గులాబీ కండువాతో ఆమెను చూసి ఆయన ముఖం పాలిపోయింది. మెస్ గుండిగలు ఒక్క పూటకు కావాలని అడిగింది. ఆయన మెట్ల కింద గది తాళం తీశారు. నాలుగు గుండిగలు ఎక్కించాం. ఆటో కదిలాక వెనక్కి చూస్తే ఆయన చెప్పులేసుకుని వస్తున్నారు. గుండిగలు మాడ్చేస్తారేమోనని అట. ఆపి ఎక్కించుకున్నాం.

చౌరస్తాలో ఆయన ఒక పక్కకు ఒదిగి నిలబడ్డారు. నినాదం లేచినప్పుడల్లా తల దించుకుంటున్నారు. ఇంతలో డిపో కుర్రవాళ్లు గుండిగ నిండా బియ్యం పోసి మంట ఎగదోశారు. ఆయన కాసేపు చూశారు, ఆగలేకపోయారు. "ఎసరు చాలదు బాబూ, అడుగంటుద్ది" అంటూ ముందుకొచ్చి గరిట తీసుకున్నారు. మంట తగ్గించారు. లుంగీ పైకి కట్టి, గుండిగ చుట్టూ తిరుగుతూ కలపడం మొదలుపెట్టారు. ఆ భాష విని ఒకతను ఎవరీయన అని అడిగాడు. చుట్టూ ఉన్నవాళ్లు చూశారు.

అండాలు పప్పు గిన్నె కింద పెట్టి లేచింది. గట్టిగా అరవలేదు.

"మెస్ సార్. నా ఆకలి తెల్సిన మనిషి." అని ఆయన వైపు తిరిగింది. "సార్, మేం రాష్ట్రం అడుగుతున్నం గనీ మీ ఇల్లు అడుగుతలేం. ఏడికి పోతరు మీరు?"

ఆయన గరిట ఆపలేదు. కళ్లలోకి పొగ పోయినట్టు భుజం మీద తువ్వాలుతో తుడుచుకున్నారు. ఆ అడిగినతను వచ్చి రెండో పొయ్యికి కూడా ఎసరు ఎంత పోయాలో ఆయన్ని అడిగాడు. మధ్యాహ్నం హైవే మీద బంతులు కూర్చున్నాయి. మొదటి వరసలో లారీ డ్రైవర్లు, పక్కన పోలీసులు కూడా. ఆ అన్నంలో ఒక్క మెతుకూ అడుగంటలేదు. పెద్ద పెద్ద మాటలు అవసరమనుకున్న చోట ఒక గుండిగ అన్నం ఎంత పని చేస్తుందో నేను కళ్లారా చూశాను.

సాయంత్రం ఆయన్ని ఇంటిదాకా దింపడానికి నేను వెంట నడిచాను. దారిలో, "మీరు ఇరవై నాలుగేళ్ల నుంచి ఆ దేశంలో ఉన్నారు కదమ్మా. వాళ్లు మిమ్మల్ని వెళ్లిపొమ్మంటే ఏం చేస్తారు?" అని అడిగారు. ఎత్తిపొడుపు కాదు, నిజంగా తెలుసుకోవాలని. నాకు అక్కడ మన పక్కింటి బండా అమ్మ, ఆ దేశపు మనిషి, గుర్తొచ్చింది. బజారులో పరాయి దేశాల వాళ్ల మీద గొడవలైన ఆ రోజు ఆవిడ మన గేటు ముందు కుర్చీ వేసుకుని చీకటి పడేదాకా కూర్చుంది. ఆ రోజు ఆవిడ మన ఇల్లు చవగ్గా వస్తుందని అనుకుని ఉంటే మనం ఎక్కడుండేవాళ్లం?

ఇప్పుడు ఇంతసేపూ దాచుకున్నది చెబుతాను. కోపం తెచ్చుకున్నా సరే, చదవడం ఆపకండి.

మర్నాడు పొద్దున అడ్వాన్సు డబ్బు సంచిలో పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. అది ఇవ్వలేదు. మీ వీధిలో ఇల్లు నలభై అయిదుకు తక్కువ పోదు, లచ్చయ్య మీ దగ్గర దాచాడు, తెలిసి నేనూ దాచాను అని చెప్పేశాను. అమ్మొద్దన్నాను. మీతో ఒక్క మాట అడగకుండా, మనం ఇల్లు చేరే ఒకే ఒక దారి నా చేత్తో మూసేశాను. జోగారావు గారు, ఇప్పుడు మీరెట్లా వస్తారమ్మా, అని అడిగారు. వాళ్ల ఇల్లు నిలబడ్డ క్షణంలో ఆయనకు మన ఇంటి దిగులు పట్టింది.

అప్పుడు రెండో పని చేశాను. పై రెండు గదులూ కిరాయికి అడిగాను. నెలకు ఏడు వేలు. రెండు నెలల అడ్వాన్సు అక్కడికక్కడే ఇచ్చాను.

మీరు ఉత్తరం కింద పెట్టేసి ఉంటారు. తీయండి. మీ నాన్న మట్టయ్య గారు నల్గొండ నుంచి వచ్చి బతికినన్నాళ్లూ కిరాయి గదుల్లోనే బతికారని, ఇంటివాళ్లు గది ఖాళీ చేయించి ఆయన మంచం వీధిలో పెట్టిన రోజు మీరు బడి నుంచి వచ్చి చూశారని నాకు తెలుసు. సొంత గడప ఉంటేనే తిరిగి వెళదాం, లేకపోతే లూసాకా మట్టిలోనే కలుద్దామని మీరన్న ప్రతిసారీ ఆ మంచమే మాట్లాడింది. అందుకే కిరాయి అనే అంకె మన కాగితాల మీద ఒక్కనాడూ పడలేదు. నేను వేశాను. అరవై లక్షలూ బ్యాంకులో ఉంటే నెలకు నలభై అయిదు వేలు, కిరాయి పోను ముప్ఫై ఎనిమిది. ధరలు పెరుగుతాయి, కిరాయి పెరుగుతుంది, డబ్బు పెరగదు, ఆ సంగతి మీకంటే ముందే ఒప్పుకుంటున్నాను. కానీ మనకు పిల్లలు లేరు. మన తర్వాత ఆ ఇల్లు ఎవరికి? మనకు కావలసింది మందులు దొరికే చోటు, జ్వరమొస్తే తలుపు తట్టే మనిషి. అండాలు అరగంట నడక దూరం. సుమిత్రమ్మ గారు ఒక మెట్ల వరస కింద.

ఈ రాష్ట్రం ఎప్పుడొస్తుందో, ఎట్లా వస్తుందో నాకు తెలియదు. వచ్చే రోజుకు నేను ఇక్కడ ఉండాలి. ఇంత జనం ఇంత అడిగి, జీతాలు వదులుకుని, రోడ్డు మీద అన్నం పంచుకుని తెచ్చుకునేదాన్ని లూసాకాలో టీవీ ముందు కూర్చుని చూడలేను. మీరు కూడా చూడలేరు, మీ సంగతి నాకు తెలుసు.

డిసెంబరుతో మీ కాంట్రాక్టు ముగుస్తుంది. కాదంటే నేను వచ్చేస్తాను, అక్కడే ఉందాం, సంతోషంగానే ఉంటాను. ఇచ్చిన అడ్వాన్సు పోతే పోయింది. మీ మాట కాదని బతకను. కానీ ఒక్క పని మాత్రం మీరే చేయాలి. జోగారావు గారు పై గదులకు సున్నం వేయిస్తున్నారు. గోడలకు ఏ రంగు కావాలని నన్ను అడిగారు. మా ఆయన్ని అడగండి అని మీ ఫోను నంబరు ఇచ్చాను. ఆదివారం చేస్తారు. ఏ రంగో ఆయనకే చెప్పండి.

ఇట్లు,
మీ భార్య, అండాలు వదినె,
విజయశ్రీ.