ముసలి తీగల వైన్, తాతకు సాక

నాయినా, నేను మంచిగున్న, ఫికర్ చెయ్యకు.

మన ముసలి ద్రాక్ష తీగల పండ్లతోని చేసిన తెల్ల వైన్ నిన్న మా హైటెక్ సిటీ హోటల్ల తెరిచిన్రు. రుచి చూడుమని మా మేనేజర్ సారు ముందుగాల నాకే గ్లాసిచ్చిండు. నేను కల్లు తాగేముందు పెద్దలకు పోసినట్టే అలవాటుగ నాలుగు చుక్కలు కింద సాక పోసిన, తివాచీ మీదనే. ఇదేందని సారు అడిగిండు. "తీగలు పెట్టింది మా తాత, ఆయనకు పోసిన సార్" అన్న. సారు గూడ తన గ్లాసు వంచి నాలుగు చుక్కలు పోసిండు.

ప్లాట్లు చెయ్యమని ఊరంత చెప్పినా తీగలు కొట్టనియ్యకపోతివి. నీ కాళ్లకు దండం.

అమ్మ మోకాలు నొప్పి తగ్గిందా? చింతతొక్కు నూరి పెట్టుమను. ఆదివారం సీసా పట్కొస్త. తీపి అస్సలుండదు, మొఖం వంకర పెట్టకు. పందిరి కిందనే తెరుద్దాం. సాక తాతకు, మొదటి గుటక నీకు.

నీ బిడ్డ,
ప్రశాంతి