కొబ్బరికాయకు వంగే పుల్లలు

వజ్రపుకొత్తూరు దగ్గర మా ఊరి నుంచి,
జనవరి నెలాఖరు.

చిరంజీవి తమ్ముడు నీలకంఠానికి అప్ప దీవెనలు.

ఇక్కడ నేనూ, మీ బావా, మా అత్తా, మొన్ననే ఈనిన ఆవూ క్షేమం. అక్కడ పోర్ట్‌బ్లెయిర్‌లో నువ్వూ, మరదలూ క్షేమమని తలుస్తాను. మా క్షేమంలో ఒక మెలిక ఉంది, అది చివర్లో రాస్తాను. ఉత్తరం చేతికి రాగానే కింది నుంచి చదివే అలవాటు నీది. ఈసారికి పైనుంచి చదువు. ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. ఫోనులో నువ్వు నన్ను ఒక్క మాట పూర్తిగా చెప్పనిస్తావా?

నువ్వు అడిగినవాటికి జవాబులు. తుపాను తరవాత పాతిన కొబ్బరిమొక్కలు కాపుకొచ్చాయి. జీడితోటలో ఎలుగుబంటి మళ్ళీ తిరుగుతోంది, నీళ్లకుండీ దగ్గర అడుగులు కనపడ్డాయి. నాన్న ఉంటే తన వెదురు విల్లు తీసి, మొన లేని మొద్దు బాణం ఆకుల్లోకి వేసి ఆ చప్పుడుతోనే తరిమేసేవాడు. మీ బావ పళ్ళెం వాయిస్తున్నాడు. ఎలుగుబంటికి అది నచ్చినట్టే ఉంది.

రెండు ప్రశ్నలకు మాత్రం ఇప్పుడే చెప్పను. బాణాలకు ఇంత సన్న పుల్లలు ఎందుకు, నాన్న విల్లు గానీ పగిలిందా అన్నావు. పాత పుల్లలు కుడికి పోతున్నాయని రాశావు, ఎడమకని రాయబోయి పొరపాటు పడ్డావా అన్నావు. పొరపాటేమీ లేదు. ఓపిక పట్టు.

పోయినేడు టెక్కలి పోటీలో నాకు రెండో స్థానం వచ్చింది కదా, చెక్క విల్లూ చెక్క బాణమూ తప్ప మరేదీ ఒప్పుకోని ఆ పోటీ ఉగాది దాటాక మళ్ళీ పెడుతున్నారు. పేరు ఇచ్చేశాను. ఎవరు వద్దన్నా వెళ్తాను, ఆ సున్నపు గీత దగ్గర నిలబడతాను. కాకపోతే ఇప్పుడు నేను పట్టే విల్లుకు తగిన పుల్లలు నా దగ్గర లేవు. అవి లేకుండా నిలబడితే బాణాలు పక్కవాళ్ళ గుమ్మాల్లో వెతుక్కోవాలి. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

నువ్వు మీ కర్రమిల్లులో తీసి పంపిన ఎర్ర కర్ర పుల్లలను చూసి ఊరంతా మెచ్చుకుంది. మీ బావ ఒకటి పట్టుకుని ఇటూ అటూ తిప్పి, "ఓలమ్మ, ఇది బాణమేటే, మంచం కోడులాగుంది. దీంతో ఎలుగ్గొడ్డుని కొట్టక్కర్లేదు, సూపిత్తే సాలు, పారిపోద్ది" అన్నాడు. గట్టి కర్రయితే మంచి బాణమని అనుకున్నావు నువ్వు. ఒరే, నాన్న చెప్పింది మరిచిపోయావా? బాణం తాడును వదిలేటప్పుడు కొంచెం ఒంపు తిరిగి విల్లు పక్కనుంచి తప్పుకుని పోవాలి. వంగనని మొండికేసిన పుల్ల పక్కకు తన్నుకుపోతుంది. బలమైన వింటికి బిరుసు పుల్ల, మెత్తని వింటికి మెత్తని పుల్ల. బాణాన్ని చూసి విల్లెంతో, విల్లును చూసి చెయ్యెంతో చెప్పొచ్చని ఆయన అంటుండేవాడు.

ఇక్కడ నేను వెతకని కర్ర లేదు. సరుగుడు కొమ్మ సూటిగానే ఉంటుంది గానీ బరువు. వెదురులో కణుపు కణుపుకూ ఒక బుద్ధి. కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీకి మిషను దిగిన చెక్కపెట్టెను విప్పి పారేస్తుంటే ఒక పలక అడిగి తెచ్చుకున్నాను. తేలికైన తెల్ల కర్ర. చీల్చి, చిత్రిక పట్టి, అద్దం పెంకుతో గీకితే ఒక్క పుల్ల వచ్చింది. అది వేసిన చోటికల్లా సూటిగా పోతోంది. మిగతా పలకంతా ముడులే. మీ మిల్లుకూ మిషన్లు అలాంటి పెట్టెల్లోనే వస్తాయి కదా, నాకు ఆ తెల్ల కర్ర కావాలి. కర్ర గీతలు ఈ కొస నుంచి ఆ కొసదాకా పారాలి. మధ్యలో పక్కకి జారే గీత ఉంటే పొయ్యిలో పెట్టు, అది వింటిమీదే విరిగి చేతిలో దిగుతుంది.

ఇక వంపు ఎలా చూడాలో చెప్తాను. ఇది నేను కనిపెట్టిందే, నవ్వకు. ఒక పట్టెను గోడకు ఆనించి, దాని రెండు కొసల్లో రెండు మేకులు కొట్టాను. వాటిమీద పుల్లను అడ్డంగా పెట్టి, నడుముకు పిలక ఉన్న కొబ్బరికాయను కడతాను. పుల్ల ఎంత కిందికి దిగిందో అక్కడ పెన్సిలుతో గీత. ఎప్పుడూ అదే కాయ, అందుకే గీతలు కలుస్తాయి. అంతా బాగానే సాగుతుండగా ఒక శుక్రవారం నేను పొలం నుంచి వచ్చేసరికి మా అత్త ఆ కాయను దేవుడికి కొట్టేసింది.

"అయ్యో అత్తా, అది నా తూకం కాయ!" అన్నాను.

"కాయని కాయంతారు గానీ తూకపురాయంతారేటే? శుక్రోరం పూట దేవుడి ముందర ఉత్త సేతుల్తో కూకోమంతావా?" అంది మా అత్త దాలమ్మగారు. సాయంత్రానికి నా తూకం కాయ పచ్చడైపోయింది. చెప్పకేం, బాగుంది.

గీతలన్నీ పోయినట్టేనని ఏడుపొచ్చింది. మర్నాడు తట్టింది. కాయ పోతేనేం, పాత పుల్లా పాత గీతా ఉన్నాయి. చావడిలో ఉన్న కాయలన్నీ ఒక్కొక్కటే కట్టి చూశాను. పాత పుల్లను సరిగ్గా పాత గీతదాకా దించిన కాయ ఒకటి దొరికింది. దానికి బొట్టుపెట్టి అత్త చేతికి అందనంత ఎత్తున పెట్టాను.

ఇప్పుడు నీ రెండు ప్రశ్నలు.

నాన్న విల్లు పగల్లేదు. కుడికని నేను సరిగ్గానే రాశాను. ఎడమచేత విల్లు పట్టినవాళ్ళకు బిరుసు పుల్ల ఎడమకు పోతుంది, కుడిచేత పట్టినవాళ్ళకు కుడికి పోతుంది. నేనిప్పుడు విల్లు కుడిచేత పడుతున్నాను. నాన్నకొచ్చిన కిడ్నీ జబ్బే నాకూ వచ్చింది, తమ్ముడూ.

దసరా ముందు పరీక్షల్లో బయటపడింది. డయాలిసిస్ దాకా ఇంకా రాలేదు. వస్తే సిద్ధంగా ఉండాలని పలాసలో నా ఎడమ ముంజేతిలో రక్తనాళాలు కలిపి పెట్టారు. అక్కడ వేలు పెడితే పిల్లి గురక పెట్టినట్టు ఉంటుంది. ఆ చేతికి దెబ్బ తగలకూడదు, బరువు పడకూడదు. ఎడమచేత విల్లు పడితే వదిలిన తాడు వచ్చి సరిగ్గా అక్కడే చరుస్తుంది.

నాన్నకు జబ్బని చెప్పిన రోజు ఆయన విల్లును దూలం మేకుకు తగిలించాడు, నీకు గుర్తుందా? మళ్ళీ దించలేదు. దించమని మనమూ అనలేదు. అలా కూర్చోబెట్టినందుకే ఆయన తొందరగా వెళ్ళిపోయాడని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆయన తరవాత నేను దించుకున్న ఆ విల్లును మళ్ళీ నా చేత్తోనే అదే మేకుకు తగిలించాను. ఆ రోజంతా ఏడ్చాను. మర్నాడు మీ బావ చేత వెదురు చీల్పించి, చిన్నపిల్లలు కూడా లాగగలిగేంత తేలిక విల్లు చేయించుకున్నాను.

దాన్ని ఆసుపత్రికి పట్టుకెళ్ళాను. డాక్టరమ్మ చూసి, "ఈ చేత్తో బాణాలేమిటమ్మా?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కుడిచేత విల్లు పట్టి, ఎడమచేత తాడు లాగి ఆమె ముందే చూపించాను. ఆమె నా ముంజేయి పట్టుకుని చూసి, "ఇంతకు మించి బరువు వద్దు. నొప్పి పుడితే ఆపెయ్యాలి. మాట ఇస్తావా?" అంది. ఇచ్చాను. తప్పను.

"నీలకంఠానికి సెప్పవా?" అని మీ బావ రోజూ పోరుతున్నాడు.

"ఏ పుల్లలు కావాలో తేలాక సెప్తాను."

"అప్పుడు సెప్తే ఆడు నన్ను తినేత్తాడే."

కాబట్టి ఆయన్ను తినకు, దాచింది నేను. భయం లేదని రాస్తే అబద్ధం. కొన్ని పొద్దుల్లో చెయ్యి లేవదు, అన్నం సయించదు. అయినా పొద్దున్నే పెరట్లో అరటిబోదె ముందు నిలబడుతున్నాను. కొత్తచేతివాటం, మొదట్లో బాణాలు ఆవు మేతలో పడ్డాయి. ఇప్పుడు బోదెకు తగులుతున్నాయి. నువ్వు టికెట్టు తీసి పరుగెత్తుకుని రాకు. నీ కిడ్నీ ఇస్తానన్న మాట ఇప్పుడే ఎత్తకు, దానికి కాలం వస్తే నేనే అడుగుతాను. ఉగాదికి రా, టెక్కలిలో నా వెనక నిలబడు.

ఈ ఉత్తరంతో పాటు మన ఊరి యువరాజు నీకొక సంచి ఇస్తాడు. ఓడలో వస్తున్నాడు, శివరాత్రికి తిరిగి వస్తాడు, పుల్లలు ఆయన చేతికియ్యి. సంచిలో రెండు మేకులు కొట్టిన పట్టె ఉంది. దానిమీద రెండు గీతలున్నాయి, పైది నాన్న విల్లుది, కిందిది నాది. ఎంత కిందికి ఉందో చూసి బెంగపెట్టుకోకు, ఆ గీతకు దిగే పుల్లలే నాకు సూటిగా పోతాయి. బొట్టుపెట్టిన కొబ్బరికాయ కూడా ఉంది. ఇది చదివాక నీ కాళ్ళు గుడివైపు నడుస్తాయని నాకు తెలుసు. నా పేరున మొక్కుకో, వద్దనను. కానీ అక్కడ వేరే కాయ కొట్టు. ఈ కాయను మాత్రం పుల్లకు కట్టు.

ఇట్లు,
విల్లు చెయ్యి మార్చిన
నీ అప్ప,
సుధారాణి