మాస్టారు లేచారని

గుడివాడ,
ఆగస్టు 20, బుధవారం.

బందరులో ఉన్న సైఫుల్లాకి, ఆబిదా చెల్లెమ్మకి,

గోవర్ధనరావు సలాములు. మీరు క్షేమమేనా అని అడిగే మొహం నాకు లేదు, అయినా అలవాటు కొద్దీ అడుగుతున్నాను. ఆరు రోజులుగా ఫోన్ చేస్తుంటే ఎత్తడం లేదు నువ్వు. మనిషిని పంపితే కొట్టుకి తాళం వేసి ఉందన్నాడు. పండగలకి తప్ప టైలరు కొట్టు మూసిన మనిషివి కాదు. ఎమ్మెల్యే అయ్యాక నేను తొడుక్కున్న చొక్కాలన్నీ ఆ మిషను మీద పుట్టినవే. ఇంక దారి లేక ఉత్తరం రాస్తున్నాను. చింపెయ్, కానీ చదివి చింపెయ్.

ముందు ఆ రోజు సంగతి. నువ్వూ చెల్లెమ్మా అసెంబ్లీ గ్యాలరీలో ఉన్నారు కాబట్టి సగం చూశారు. ఈ సమావేశాల్లో ఒకడు తుమ్మితే ప్రభుత్వం ఊగే పరిస్థితి. అధికార పక్షంవాళ్ళు ఇద్దరు ఆస్పత్రిలో ఉండేసరికి ఆ రోజు వాళ్ళు ఎనభై ఆరు, ప్రతిపక్షంలో ఉన్న మేము ఎనభై ఏడు. తీర గ్రామాల నిధిని నగరం రోడ్లకి మళ్ళించే బిల్లు అది. మన దివిసీమ లంకకి కట్టాల్సిన వంతెన ఆ నిధిలోనే ఉంది. బిల్లు ఓడిపోతే వంతెన ఉంటుంది, గెలిస్తే పోతుంది.

ఆ వంతెన కోసం నేనెంత తిరిగానో నీకు తెలుసు. ప్రశ్నోత్తరాల్లో మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ గొడవై సభ వాయిదా పడింది. ఇంజనీర్ల చుట్టూ తిరిగి అంచనాలు వేయించాను. మా పార్టీవాళ్ళు నన్ను చూడగానే ఇదిగో వంతెన వస్తోంది అని ఏడిపించేవాళ్ళు.

మీ అమ్మాయి నాజియాని ఖబరస్తాన్‌లో పెట్టిన రోజున నేనూ మూడు గుప్పిళ్ళ మట్టి వేశాను. ఇంకో ఆడపిల్లని ఏరు దాటించే ఆ పంటు మీద పోనివ్వను రా అని నీకు మాటిచ్చాను. లంక బడిలో పాఠాలు చెప్పడానికి రోజూ కృష్ణ పాయ దాటి వెళ్ళే పిల్ల. ఏడో నెలలో రక్తం పోతుంటే, పాటు వేళ నీళ్ళు తగ్గిపోయి పంటు బురదలో కూరుకుపోయింది. రెండు గంటలు. అవతల గట్టు మీద అంబులెన్సు లైటు కనపడుతూనే ఉందట. ఈ మాట చెప్పినప్పుడల్లా నువ్వు చేతిలో కత్తెర కింద పెట్టేస్తావు.

ఇక ఓటింగు. బిల్లుకి అనుకూలమైనవాళ్ళని స్పీకరు వరస వరసగా లేచి నిలబడమంటారు, సిబ్బంది తలలు లెక్కపెడతారు. మొదటి వరస అనగానే ఎదుటి బెంచీలో మన జకరయ్య మాస్టారు లేచారు. మీరు కూర్చున్న గ్యాలరీ సరిగ్గా వాళ్ళ తల మీద, మీకు నేను కనపడతాను గానీ ఆయన కనపడరు. బందరు హైస్కూల్లో మనిద్దరికీ లెక్కలు చెప్పిన మనిషి. ఆయన నిలబడితే నేను కూర్చోలేను. మా నాన్న ఆయన్ని వీధి అరుగు దాటి లోపలికి రానివ్వలేదు, అప్పటినుంచీ అది నాకు పట్టుదల. పెళ్ళిళ్ళలో, మీటింగుల్లో, ఆయన అవతలి పార్టీలో గెలిచాక కూడా లేస్తూనే ఉన్నాను. ఆ రోజూ కాళ్ళు వాటంతటవే లేచాయి. లెక్క రాసేసుకున్నారు. కాదు కాదు అని నేను అరిచాను, లెక్కలోకి వచ్చిన తల వెనక్కి రాదని స్పీకరు అనేశారు. వాళ్ళు ఎనభై ఏడు, మేము ఎనభై ఆరు.

తలెత్తి చూశాను. ఆబిదా చెల్లెమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. నువ్వు నన్నే చూస్తున్నావు. నా ఒంటి మీద ఉన్నది ఈ సమావేశాలకని నువ్వు కుట్టిచ్చిన చొక్కానే.

టీవీలవాళ్ళు దీన్ని గురుభక్తి అంటున్నారు. ఉపాధ్యాయ సంఘంవాళ్ళు శాలువా పట్టుకొచ్చారు, సిగ్గు లేకుండా కప్పించుకున్నాను కూడా. మా పార్టీ నోటీసు ఇచ్చింది, ఇవ్వనీ.

నిన్న మాస్టారు మా ఇంటికొచ్చారు. ఎమ్మెల్యే అయ్యుండి బస్సులో, పామర్రులో దిగి ఇంకో బస్సు మారి. మోకాళ్ళ నొప్పులకి మెట్లెక్కలేక కిందే కుర్చీ వేయించుకున్నారు. నా చేతులు పట్టుకుని, నా మూలంగా నీ మాట పోయింది రా గోవర్ధనం, సైఫుల్లాకి నేనేం జవాబు చెప్పను అని ఏడ్చారు. నాకు తెలిసి ఆయన ఏడవడం అదే మొదటిసారి. రాజీనామా రాసి జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. శుక్రవారం జుమ్మా నమాజు అయ్యాక మీ ఇంటికొచ్చి మీ ఇద్దరి కాళ్ళు పట్టుకుంటారట. వద్దని చెప్పలేకపోయాను.

ఆయన వస్తే తలుపు తియ్యి. నా మీద కోపం ఆయన మీద చూపించకు. నన్ను క్షమించలేకపోతే పోనీ, అది అలవాటులో జరిగిన తప్పని మాత్రం నమ్ము. వంతెన కోసం మళ్ళీ మొదటినుంచీ తిరుగుతాను.

ఒకే బెంచీలో నీ పక్కన కూర్చున్నవాడు,
గోవర్ధనరావు

తా.క. కవరు అంటించి, మళ్ళీ చించాను. పైన రాసినదాంట్లో ఒక ముక్క అబద్ధం.

సమావేశాలకి ముందు మంత్రిగారి మనిషి నన్ను కలిశాడు. బంటుమిల్లి దగ్గర మా గిరిధర్ తవ్వించిన చేపల చెరువుల్లో సగం ప్రభుత్వ భూమి. ఆ ఫైలు బయటికొస్తే మీ అబ్బాయి జైలుకెళ్తాడండీ, బిల్లు గట్టెక్కితే ఫైలు ఎక్కడిదక్కడే ఉంటుంది అన్నాడు. సైఫుల్లాకి నాజియా ఎలాగో నాకు గిరిధర్ అలాగే కదా అనుకున్నాను. నీ కూతురి మట్టి ఈ చేతులతో వేసి, ఆ మాట అనుకోగలిగాను. తర్వాత ఏం చెప్పాలో కూడా ముందే ఆలోచించి పెట్టుకున్నాను. మాస్టారి పేరు చెప్తే ఎవరూ కాదనరు, ఆయన కూడా కాదనలేదు.

శుక్రవారం ఆయన్ని వంగనివ్వకు సైఫుల్లా. ఈ కాగితం ఆయన చేతికే ఇచ్చి చదివించు. టీవీల్లో చూపిస్తున్నది ఇద్దరం నిలబడ్డాక తీసిన ముక్క. ఆ మోకాళ్ళతో ఆయన లేవడానికి ఎంతసేపు పడుతుందో నీకు తెలుసు. నేను లేచి నిలబడేసరికి ఆయన ఇంకా కూర్చునే ఉన్నారు, చేతికర్ర కోసం బెంచీ కింద వెతుక్కుంటున్నారు.