గడప దగ్గర గుడ్డు పెట్టిన పీట

తెనాలి

బ్రహ్మయ్య బాబాయ్‌కి మాధురి నమస్కారాలు.

మీ తెనాలి ఇంటి హాల్లో నా సినిమా పని సాగుతోంది. ఫోనే కెమెరా కాబట్టి స్టాండుకి బిగించేశాను. ఎవరైనా ఫోన్ చేస్తే అది వణికి షాటు పాడవుతోంది, అందుకే ఈ ఉత్తరం. ఈ సినిమా పంపితేనే నాకు యానిమేషన్ కాలేజీలో సీటు. మీరు ఇల్లు అమ్మేలోపు పూర్తి చేస్తాను. అప్పటిదాకా హాల్లో ఎవరూ ఏదీ ముట్టుకోకుండా చూడండి.

మీ మాధురి

తా.క.: పిన్ని కూర్చునే పీటే ఇందులో హీరో. తనకి చెప్పకండి, మళ్లీ దానిమీద కూర్చోదు.

రేపల్లె

చిరంజీవి మాధురికి బాబాయ్ దీవెనలు.

పక్కింటి దశరథరామయ్య కిటికీలోంచి చూశాడట. పీటని ఇంత జరిపి, వెనక్కెళ్లి చూసుకుని, మళ్లీ ఇంత జరుపుతున్నావట. మనింట్లో వాస్తు దోషం ఉందని నీకెవరు చెప్పారు? ఇల్లు చూడ్డానికి బాపట్ల నుంచి ప్రతాప్ గారు ఆదివారం వస్తున్నారు. ఆయన చెవిన పడితే బేరం పోతుంది. సరిచేసేదేదో తొందరగా సరిచెయ్యి.

మీ బాబాయ్

తా.క.: అది విని మీ పిన్ని నా మంచాన్ని కొంచెం కొంచెం జరుపుతోంది. ఇప్పటికి వరండాలోకి వచ్చాను.

తెనాలి

బాబాయ్‌కి నమస్కారాలు.

వాస్తు కాదు బాబాయ్. పీట కాస్త జరిపి ఒక ఫొటో, ఇంకాస్త జరిపి ఇంకో ఫొటో. అన్నీ వరసగా తిప్పితే పీట తనంతట తనే నడుస్తుంది. అందర్నీ మోసి మోసి విసుగొచ్చి, గడప దగ్గర గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది. ఎందుకని అడక్కండి, కలలో ఎందుకని అడుగుతామా? ఆదివారమే గుడ్డు షాటు. ఎవరైనా పీట కదిపితే మొదటికొస్తుంది, నా సీటు పోతుంది. భయంగా ఉంది బాబాయ్, ఆయన్ని ఇంకోరోజు రమ్మనండి.

మాధురి

తా.క.: గుడ్డు కోడిదే. పీటది దొరకలేదు.

రేపల్లె

మా మాధురికి,

నీకు సీటొచ్చిందన్న కార్డు అందింది. చాలా సంతోషం. ఫోన్‌లో చెబితే మీ పిన్ని వింటుందని ఇది రాస్తున్నాను.

ఆ ఆదివారం నేనొచ్చింది నిన్ను కేకలెయ్యడానికే. తీరా నువ్వు పీట జరుపుతుంటే ప్రతాప్ గారూ నేనూ ఊపిరి బిగబట్టి గుమ్మంలోనే నిలబడిపోయాం. నువ్వు తిప్పి చూపించినప్పుడు పీట గుడ్డు పెట్టి, ఆగి, వెనక్కి చూసింది. పీటకి కళ్లెక్కడివని అడగబోయి మానుకున్నాను.

నిన్న ప్రతాప్ గారు ఫోన్ చేశారు. అడిగినంతా ఇస్తారట, కానీ రిజిస్ట్రేషన్‌లో ఇంటితోపాటు గుడ్డు కూడా రాయాలట. నేను ఒప్పుకోలేదు. మాటా మాటా పెరిగి బేరం పోయింది. ఆ హాలు నీకే ఉంచుతున్నాను, సెలవుల్లో వచ్చి మిగతాది తియ్యి. గుడ్డులోంచి ఏమొస్తుందో తెలియకపోతే నాకు తోచదు.

మీ బాబాయ్

తా.క.: నేను జేబులో వేసుకొచ్చిన ఆ గుడ్డుని పిన్ని ఆ ఆదివారం సాయంత్రమే అట్టేసి నాకు పెట్టింది. బాగానే ఉంది. ప్రతాప్ గారికి మాత్రం చెప్పకు.