నేల మీదే ఉన్న తాళాలు

మస్తానన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈసారీ వాన రాలేదు. మేత వెతుక్కుంటూ మడకశిర వైపు నుంచి వచ్చిన గొర్రెల కాపరులు, ఎండిపోయిన మన చెరువులో దిగారు. సాయంత్రం మన భజనలో కూర్చుని కన్నడంలో ఏదో పాట ఎత్తుకున్నారు. దాని నడక మనవాళ్లెవరికీ అంతుపట్టలేదు.

"ఏమప్పా, ఈ పాటకు తాళమే కుదరలేదు. నిలపమని చెప్పు," అని మృదంగం నారాయణప్ప విసుక్కున్నాడు.

"కొత్త పాటొస్తే తాళాలు కింద పెట్టి ఒకసారి వినాల అని మస్తానన్న అంటాండె గదా," అన్నాను.

నీ పేరు వినగానే అందరూ తాళాలు నేల మీద పెట్టారు. కాపరులు రెండోసారి పాడినప్పుడు నారాయణప్పే ముందుగా మృదంగం అందుకున్నాడు. తర్వాత ఒక్కొక్కరూ కలిశారు. హార్మోనియం ముందు నువ్వుంటే ఎంత మురిసిపోయేవాడివో.

నేను మాత్రం కలవలేకపోయాను. ఆ పాట కొత్తదని కాదన్నా. చివర్లో మనవాళ్లు మన మంగళహారతి పాడారు, చిన్నప్పటి నుంచి నీ పక్కన కూర్చుని పాడిందే. అదీ ఎవరి పాటో అన్నట్టే వినిపించింది. నువ్వు చెప్పినట్టే వింటున్నాను, ఒకసారి కాదు, ఏడాదిగా. నా తాళాలు ఇంకా నేల మీదే ఉన్నాయి.