మెడలో సీసపు గుండు

బావమరిది ఆర్లిస్‌కు నీ బావ రాసేది.

నువ్వు తుపాకి అమ్మేస్తానన్నావని మీ అక్క వెర్నా చెప్పింది. తొందరపడకు. కొత్తగా నేర్చుకునేవాడికి ఇంత చౌకగా ఇంత మంచి తుపాకి టెన్నెసీ కొండలన్నీ గాలించినా దొరకదు. గొట్టం బరువు కాబట్టి చెయ్యి వణికినా గురి చెదరదు. ముందు గొట్టంలో తుపాకిమందు పొయ్యాలి, తర్వాత గుండు దించాలి, అంతే దాని కోరిక. పోయిన వారం గురిపోటీలో నువ్వు మందు మరిచిపోయి గుండొక్కటే దించావు. మందుకి నిప్పంటించే క్యాపు మాత్రం టప్పుమంది, గుండు లోపలే కూర్చుంది. అందులో తుపాకి తప్పేముంది?

ఆచారం ప్రకారం ఆ గుండుని బయటికి లాగి, తాడు కట్టి నీ మెడలో వేశారు. ఇంకొకడు అదే తప్పు చేసేదాకా మొయ్యాల్సినవాడివి, బల్లమీద విసిరేసి వెళ్లిపోయావు.

నిన్న మళ్లీ పోటీ జరిగింది. నేను గుండు దించుతూనే, ఆరోజు నీ మొహం ఎలా మాడిందో అందరికీ నటించి చూపించాను. బాగా నవ్వారు. తర్వాత గురిచూసి ట్రిగ్గర్ నొక్కితే నాదీ టప్పుమంది.

"కావాలనే చేశాడ్రా వీడు, బావమరిది పరువు కోసం!" అన్నాడు ముసలి హోబర్ట్. నేను కాదనలేదు. మీ అక్క మాత్రం, "నోరాడుతుంటే నీకు చెయ్యాడదు," అంది.

తాడిప్పుడు నా మెడలో ఉంది. ఊరంతా నవ్వింది, నవ్వే హక్కున్నవాడివి నువ్వొక్కడివే రాలేదు. వచ్చే ఆదివారం తుపాకితో సహా రా. ముందు మందు పొయ్యి, తర్వాత నవ్వు.

గుండు మోస్తున్న
నీ బావ